కవిత్వమునకు, తత్త్వమునకు గల పాత తగవు

మనుష్యుడు తాను తెలిసికొన్న సత్యమును ఇతరులకు చెప్పుటకు అనాదిగ రెండు మార్గములను అవలంబించెను. కథగ, పాటగ, పద్యముగ చెప్పుట ఒకటి. ప్రశ్నించి, తర్కించి, నిర్ణయించి చెప్పుట రెండవది. మొదటిది కవిత్వము, రెండవది తత్త్వము. ఈ రెండింటిలో ఏది సత్యమునకు దగ్గరిది అను తగవు నిన్న మొన్న పుట్టినది కాదు. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథమునందు దీనిని ప్రస్తావించునప్పటికే ఇది పాత తగవని చెప్పవలసి వచ్చెను.

ఇది పండితగోష్ఠులకు మాత్రమే సంబంధించిన విషయమని తలపరాదు. లింగధారణ గల ప్రతి ఇంటిలోను ఈ తగవు ఏదో యొక రూపమున ఉన్నది. శివుడు జననమరణములు లేనివాడు, ఆకారము లేనివాడు అని గురువు ఉపదేశించును. పురాణశ్రవణమునకు కూర్చున్నచో ఆ శివుడే జంగమవేషమున భక్తుని వాకిట నిలిచి ఆకలియని అడుగును, అలుగును, నవ్వును, కడకు భక్తునకు లొంగిపోవును. గురువు చెప్పినది నిజమైనచో పురాణము చెప్పినది ఎట్లు నిజమగును? పురాణము చెప్పినది నిజమైనచో గురూపదేశమునకు అర్థమేమి? ఈ ప్రశ్నను అణచివేయుట వలన భక్తి బలపడదు. దానిని ఎదుర్కొని విచారించుటయే శరణమార్గమునకు తగినది.

ముందుగ ప్లేటో వాదమును చూడవలయును. కవులపై ఆయన మోపిన నేరములు ముఖ్యముగ మూడు. కవి తాను వర్ణించు విషయమును నిజముగ ఎరుగడు. దాని నీడను మాత్రమే చూపును. రెండవది, హోమరు మొదలగు కవులు దేవతలను కలహించువారినిగ, మోసగించువారినిగ చిత్రించి బాలుర మనస్సులను చెరచుచున్నారు. మూడవది అన్నిటికంటె లోతైనది. నాటకశాలలో పరుల దుఃఖమునకు కన్నీరు కార్చుటకు అలవాటుపడిన మనస్సు, తనకు దుఃఖము వచ్చినప్పుడు నిగ్రహము నిలుపుకొనజాలదు. కావున తాను కల్పించిన ఆదర్శనగరమున దేవతాస్తోత్రములకును, సత్పురుషుల ప్రశంసలకును తప్ప వేరు కవిత్వమునకు ఆయన చోటీయలేదు.

ఐనను ఆ ప్లేటోయే గొప్ప కథకుడు. గుహలో బంధింపబడి గోడమీది నీడలనే సత్యమనుకొను మనుష్యుల ఉపమానమును చెప్పినది ఆయనయే. లోకము ఆయన తర్కమును మరచినను ఆ గుహను మరువలేదు. ఆయన గురువగు సోక్రటీసు జీవితకాలమంతయు ప్రశ్నించుటయే పనిగ పెట్టుకొనినవాడు. అట్టివాడు మరణదండనకై ఎదురుచూచుచు చెరసాలలో ఉన్న దినములలో ఈసపు నీతికథలను పద్యములుగ కూర్చుచుండెనని ప్లేటోయే వ్రాసెను. అరిస్టాటిలు గురువునకు ఎదురుచెప్పి, చరిత్ర జరిగినదానిని మాత్రమే చెప్పును, కవిత్వము జరుగగలదానిని చెప్పును, కావున చరిత్రకంటె కవిత్వమే తత్త్వమునకు దగ్గరిదని నిర్ణయించెను. అనగా కవిని నగరమునుండి వెడలగొట్టినవారి ఇంటిలోనే కవిత్వము మరల వచ్చి కూర్చున్నది.

భారతదేశమున ఈ తగవు వేరొక రూపమున నడచెను. కావ్యముల ప్రసంగమును వర్జింపవలెనను స్మృతివచనమొకటి పూర్వమునుండి ప్రచారములో ఉన్నది. కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచలము మల్లినాథసూరి ఈ నిషేధమునకు సమాధానము చెప్పవలసి వచ్చెను. నేటి మెదక్ జిల్లాలోని కొల్చారము ఆయన ఊరని ప్రసిద్ధి. ఆ నిషేధము అసత్కావ్యములకు మాత్రమే చెందునని, సత్కావ్యములకు అది వర్తింపదని ఆయన రఘువంశవ్యాఖ్యారంభమున తేల్చెను. 11వ శతాబ్దమునకు చెందిన కాశ్మీరపండితుడు మమ్మటుడు ఇంకొక విధముగ చెప్పెను. వేదము ప్రభువువలె ఆజ్ఞాపించును. పురాణేతిహాసములు మిత్రునివలె హితము చెప్పును. కావ్యము ప్రియురాలివలె మనస్సును కరగించి ఉపదేశించును. విద్యాలయములలో అలంకారశాస్త్రము చదివిన ప్రతివారికి ఈ విభాగము కంఠస్థమే.

ఈ సమాధానములు గౌరవింపదగినవే. కాని ఇవి తగవును పూర్తిగ తీర్చలేదు. కావ్యము ఉపదేశమునకు పూసిన తేనె వంటిదైనచో, మందు వేరు, తేనె వేరు అని ఒప్పుకొన్నట్లే. మందును నేరుగ మ్రింగగలవానికి తేనెతో పనిలేదు. అట్లైనచో జ్ఞానము ముదిరినవాడు కవిత్వమును విడిచివేయవలయును. మరి శివానుభవమున పండినవారే పాడుచు, వచనములు చెప్పుచు జీవించుటకు కారణమేమి? తేనె అను ఉపమానము దీనికి జవాబీయజాలదు.

ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున చెప్పిన నత్కీరుని కథ ఈ సందర్భమున స్మరింపదగినది. శివుడు ఒక పేద అర్చకుని కరవు తీర్చుటకై తానే పద్యము చెప్పి పాండ్యరాజసభకు పంపెను. స్త్రీ కురులకు సహజముగనే సుగంధము కలదన్న భావము అందులో ఉండెను. సభలోని నత్కీరుడు అది లోకవిరుద్ధమని ఆక్షేపించెను. శివుడే ఎదుట నిలిచి అడిగినను తన మాట విడువలేదు. అందుకై కుష్ఠురోగము కలుగునట్లు శాపము పొందెను. చివరకు శ్రీకాళహస్తి చేరి విముక్తుడయ్యెను. ఈ కథలో కవి శివుడు, ప్రశ్నించువాడు నరుడు. శివభక్తుడగు ధూర్జటి ఆ నరుని నోరు మూయించి కథను ముగింపలేదు. శాపమునుండి విముక్తునిచేసి అతనికి క్షేత్రమహిమలో చోటిచ్చెను. దేవుని పద్యమునైనను పరీక్షింపవచ్చునన్న ధైర్యము నత్కీరునిది. ఆ ధైర్యమును భక్తికావ్యమే భద్రపరచి మనకందించినది.

ఇక తెలుగునాట వీరశైవకవితకు మూలపురుషుడగు పాలకురికి సోమనాథుని చూడవలయును. ఆయన బసవపురాణమును మార్గకవితలో చెప్పక ద్విపదలో చెప్పెను. ద్విపదకు పాదములు రెండే. ప్రతి పాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. కథ ఎంత దూరము సాగినను ఈ నడక తెగదు. పండితుడు కానివాడును పాడుకొనగలడు. పదిమంది కూర్చున్నచోట చేరి వినగలడు. అందరికి తెలియు జానుతెనుగును కోరి, ఆయన దేశిచ్ఛందస్సును ఎన్నుకొనెను. ఈ ఎన్నికయే ఆయనపై నేరమయ్యెను. తరువాతికాలమున ఆ కథనే పద్యకావ్యముగ రచించిన పిడుపర్తి సోమనాథుడు ఒక ఐతిహ్యమును చెప్పెను. ఓరుగంటి శివాలయమున భక్తులు గుమిగూడి బసవపురాణము వినుచుండగ ప్రతాపరుద్ర మహారాజు చూచి అదేమని అడిగెనట. ప్రక్కనున్న బ్రాహ్మణుడొకడు, అది సోమన ఇటీవల ద్విపదలో అల్లినదని, ప్రాచీనము కాదని, కావున ప్రమాణము కాదని చెప్పి రాజును మరలించెనట.

ఇక్కడ ఒక విషయమును గమనింపవలయును. ఆ బ్రాహ్మణుడు పురాణములోని మాట సత్యమా, అసత్యమా అని విచారింపలేదు. ఎప్పుడు పుట్టినది, ఏ ఛందస్సులో ఉన్నది అని మాత్రమే చూచెను. తత్త్వము పేరుతో కవిత్వమును కొట్టివేయువారందరును తత్త్వజ్ఞులు కారు. ప్రమాణమను మాటను అడ్డుపెట్టుకొని విచారణను తప్పించుకొనువారును వారిలో ఉందురు. రాజు మరలిపోయెను గాని ద్విపద నిలిచెను. 1369లో భీమకవి దానిని కన్నడమునకు మార్చెను. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి.

బసవపురాణములోని బెజ్జమహాదేవి కథ ఈ తగవునకు నేరుగ సమాధానము చెప్పును. శివుడు అజుడు, పుట్టుకలేనివాడు, కావున ఆయనకు తల్లి లేదు. ఇది తత్త్వము. దీనిని శాస్త్రజ్ఞుడు వినినచో, పుట్టుక లేనిదానికి నాశము లేదు, నాశము లేనిది నిత్యము అని తర్కమును ముందునకు నడుపును. ఆ ముగ్ధభక్తురాలు అదే మాటను వినెను. అయ్యో, ఈయనకు తల్లి లేదా! తల్లియే ఉన్నచో ఈ తల ఇట్లు జడలుగట్టనిచ్చునా, విషము త్రాగుచుండగ ఊరకుండునా, బూడిద పూసికొని తిరుగనిచ్చునా అని ఆమె గుండె చెరువయ్యెను. తానే తల్లియై నీరుపోసి, పాలిచ్చి, లాలించెను. శివుడు ఆమెకు శిశువయ్యెను.

ఇచ్చట గురువు చెప్పిన సత్యమునకు, కవి చెప్పిన కథకు విరోధమెక్కడ? రెండింటిలోను ఉన్న వాక్యము ఒక్కటే: శివునకు తల్లి లేదు. తత్త్వజ్ఞుడు ఆ వాక్యమునుండి నిత్యత్వమును గ్రహించెను. బెజ్జమహాదేవి దానినుండి తాను చేయవలసిన పనిని గ్రహించెను. సత్యము వినినవాని జీవితమున అది ఏమి కోరునో చూపుట కవిత్వముయొక్క పని. కావున కవిత్వము మందుపై పూసిన తేనె కాదు. తత్త్వము ఒక మనుష్యుని తాకినప్పుడు కలుగు కదలికయే అది. జ్ఞానము పండినవారును పాటను విడువకుండుటకు ఇదియే కారణము.

ఈ విచారణ గ్రంథములలో నిలిచిపోవునది కాదు. శంషాబాదు మండలములోని కొత్వాల్‌గూడ వంటి ఊరిని తలచుకొనవచ్చును. హిమాయత్‌సాగర్ చెంతనున్న ఆ ప్రాంతమున 2008లో విమానాశ్రయము ప్రారంభమైన పిదప బ్రతుకుతెరువులు మారినవి. పాఠశాలలో విజ్ఞానశాస్త్రము చదువుకొనుచున్న బాలుడు అట్టి ఊరిలో అవ్వ ఒడిలో కూర్చుండి బెజ్జమహాదేవి కథ విని, "అవ్వా, ఇది నిజంగ జరిగిందా? శివునికి పుట్టుకే లేదని అయ్యగారు చెప్పిన్రు గదా!" అని అడిగినచో, ఆమె ఏమి చెప్పవలయును? జరిగినదని గద్దించినచో బాలుడు నేడు ఊరకుండును, పెరిగిన పిదప కథను, భక్తిని కలిపి పారవేయును. ఉత్త కథయేనని తేలికచేసినచో నేడే పారవేయును. తెలివిగల అవ్వ ఇట్లనును: "చూసినోళ్ళెవరున్నరు బిడ్డా, భక్తులు చెప్పుకున్న కథ ఇది. తల్లి లేని పిలగాడు మన వాకిట్ల నిలబడితె నువ్వేం జేస్తవో అది చెప్పు."

ఇది ప్రశ్నను దాటవేయుట కాదా అని తత్త్వజ్ఞుడు ఆక్షేపింపవచ్చును. కాదు. పురాణమును చరిత్రగ నమ్మించుటకు ఆమె ప్రయత్నింపలేదు. ఆ విషయమున నిజమే చెప్పినది. పిమ్మట కథ అడుగుచున్న ప్రశ్నను బాలుని ముందుంచినది. చరిత్ర అడుగునది 'జరిగినదా' అని. కథ అడుగునది 'నీవేమి చేయుదువు' అని. ఒకదానికి జవాబు చెప్పి రెండవదానిని మరుగుపరచుటయే దోషము.

ఐనను కవిత్వమును ఇంతటితో నిర్దోషియని విడిచిపెట్టరాదు. అన్ని కథలును బెజ్జమహాదేవి కథ వంటివి కావు. బసవపురాణమునందును, శ్రీనాథుని హరవిలాసమునందును గల చిరుతొండని కథను తలచుకొనినచో ప్లేటో భయము అర్థమగును. జంగమరూపమున వచ్చిన శివుని కోరికపై ఆ భక్తుడు కన్నకుమారుని వధించి వండించును. చివరకు శివుడు ప్రసన్నుడై బాలుని బ్రతికించును. వినువారు కన్నీరు కార్తురు, పిదప సంతోషింతురు, ఇండ్లకు పోవుదురు. కాని వింటున్నవారిలో బాలుడొకడు ఉన్నచో వాని మనస్సున ఏమి మిగులును? తన తండ్రి ఎదుట అట్టి జంగముడు వచ్చి నిలిచినచో తనగతియేమని వాడు తలపడా? ఈ ప్రశ్నను కవిత్వము తనంతట తాను అడుగదు. పాట నడకలో అది కొట్టుకొనిపోవును. ఇక్కడ నత్కీరుడు లేచి నిలువవలయును.

దయయే ధర్మమునకు మూలమని బోధించినవాడు బసవేశ్వరుడు. జంతువధను నిరసించినవాడు ఆయన. ఆ బోధను కొలబద్దగ పట్టి చూచినచో చిరుతొండని కథను ఆచరణకు ఆజ్ఞగ గ్రహించుటకు వీలులేదు. 'నాది' అనుకొనుదానిలో మిక్కిలి ప్రియమైనదానిపై కూడ మమకారము వదలవలయునన్న భావము వరకే అది గ్రాహ్యము. ఈ హద్దును గీచునది తత్త్వము. హద్దు గీయక కథను మాత్రమే వినిపించు ఇంటిలో భక్తి భయముగ మారును, ఒక్కొక్కచో క్రౌర్యమునకు సమర్థనగ కూడ మారును. కవిత్వమునకు తత్త్వము కాపలాదారు. కాపలాదారుని పని ఇంటివారిని వెడలగొట్టుట కాదు; రాత్రి మేలుకొని యుండుట.

తత్త్వము ఒంటరిగ నడచినప్పటి ప్రమాదమును చెప్పనిచో న్యాయము కాదు. భక్త, మాహేశ్వర, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములు ఆరింటిని బాలునిచే వల్లెవేయింపవచ్చును. పరీక్షలో వాడు తప్పులేకుండ వ్రాయగలడు. కాని ప్రసాది అనగా ఎవడో వానికి తెలియదు. ఎన్నడును వానికి ఒక ప్రసాది ముఖమును చూపినవారు లేరు. ఆ ముఖమును చూపునది శరణుని కథ. ఇది పెద్దలు ఎరిగిన విషయమే. మల్లికార్జున పండితారాధ్యుడు శివతత్త్వసారమున సిద్ధాంతమును, పరమతఖండనమును గూడ కందపద్యములలోనే చెప్పెను. అల్లమప్రభువు మొదలగు శరణుల వచనములను 15వ శతాబ్దమున శూన్యసంపాదనగ కూర్చినవారు వానిని సంభాషణగ, ఒకరినొకరు ప్రశ్నించి ఎదిరించు సన్నివేశములుగ అమర్చిరి. శుష్కసూత్రముగ ఉన్నచో తత్త్వము నిలువదని వారికి తెలియును.

అట్లైనచో ఈ తగవునకు తీర్పరి ఎవరు? ప్లేటో ఆ అధికారమును నగరపాలకులకు ఇచ్చెను. ఏ పాట పాడవలయునో, ఏది పాడరాదో వారు నిర్ణయింతురు. ఓరుగంటి ఐతిహ్యములోని బ్రాహ్మణుడు ఆ అధికారమును ప్రాచీనతకు ఇచ్చెను. బసవేశ్వరుడు వేరొకచోట చూపెను. తాళమానములు, గణములు తనకు తెలియవని, ప్రేమ పాడించినట్లు పాడుదునని ఆయన ఒక వచనమున చెప్పుకొనెను. ఇంకొక వచనమున మాట ఎంత స్వచ్ఛముగ, ఎంత కాంతిమంతముగ ఉండవలయునో చెప్పి, నడత ఆ మాటకు తగినట్లు లేనిచో దేవుడు మెచ్చడని ముగించెను. అనగా అందమైన మాటను ఆయన నిషేధింపలేదు. సత్యమైన మాటతోను తృప్తిపడలేదు. రెండింటిని నడత ముందు నిలువబెట్టెను. కవిత్వమును, తత్త్వమును మాటలే. మాటకు మాట తీర్పరి కాజాలదు.

12వ శతాబ్దపు కల్యాణమున ఈ తీర్పు ఆచరణలోనికి వచ్చెను. నేటి బసవకల్యాణమే ఆ పట్టణము. అనుభవమంటపమున బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, చర్మము పదునుచేయు డోహర కక్కయ్య, సర్వము త్యజించి వచ్చిన అక్కమహాదేవి వచనములు చెప్పిరి. వారు తమ కాయకములోని మాటలతోనే తత్త్వమును పలికిరి. పడవవాని నోట సంసారసాగరమను మాట అరువు తెచ్చుకొన్న అలంకారము కాదు. అతడు రోజును దాటించు నీరే అది. అట్టివారిలో కవి ఎవడు, తత్త్వజ్ఞుడు ఎవడు అని విడదీయుటకు వీలులేదు. ప్లేటో నగరమునుండి కవి వెళ్ళగొట్టబడగ, కల్యాణమున పనిచేయు ప్రతివాడు కవియు, విచారకుడును అయ్యెను.

దానికి మూల్యమును వారు చెల్లించిరి. కులభేదము లేదని వచనమున చెప్పుట సులభము. ఆ మాట నిజమని నమ్మి చెప్పులు కుట్టు హరళయ్య ఇంటికి, బ్రాహ్మణకుటుంబమునుండి వచ్చిన మధువయ్య ఇంటికి పెండ్లిసంబంధము కలిపినప్పుడు బిజ్జలుని ప్రభుత్వము వారిరువురిని క్రూరముగ శిక్షించెనని, కల్యాణము అల్లకల్లోలమై శరణులు చెదరిపోయిరని సంప్రదాయము చెప్పుచున్నది. వారు పద్యము చెప్పి ఊరకున్నచో రాజునకు కోపము రాదు. సిద్ధాంతము చెప్పి ఊరకున్నను రాదు. మాటను నడతగ మార్చినందుననే శిక్ష వచ్చెను. నేడు ఆ వచనములను సభలలో రాగయుక్తముగ పాడి, వాని తత్త్వమును గంటలకొలది వివరించి, ఇంటికి వచ్చి సంబంధముల విషయమున ఉపశాఖల లెక్కలు చూచువారు ఈ చరిత్రను ఒకసారి తలచుకొనుట మంచిది.

మఠములలోను, గృహములలోను పురాణశ్రవణము నేటికిని జరుగుచున్నచో అది సంతోషింపదగినది. దానికి ఒక చిన్న నియమమును చేర్చుకొనవచ్చును. పారాయణము ముగిసి మంగళహారతి ఇచ్చుటకు ముందు, వినినవారిలో ఒకరికి, అందును బాలునకో బాలికకో, ఒక ప్రశ్న అడుగుటకు అవకాశమీయవలయును. ఎంత అసౌకర్యమైన ప్రశ్నయైనను పెద్దలు అలుగరాదు. తెలిసినంత చెప్పి, తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనవలయును. పిదప ఆ దినమున వినిన కథలోనుండి మరునాడు చేయదగిన పని ఒకటి ఏర్పరచుకొనవలయును. ఆకలిగొన్నవానికి అన్నమో, అలిగిన దాయాదితో మాటయో, పనివానికి సకాలమున కూలియో ఏదైన సరియే. కథను వినుట, ప్రశ్నించుట, చేయుట అను ఈ మూడును ఒక ఇంటిలో నిలిచినచో, పండితులు ఇరువదినాలుగు శతాబ్దములుగ తీర్చలేకపోయిన తగవు ఆ ఇంటిలో బాధింపదు.